పట్టిసీమ మొక్కు, పసుపు లైటు

ఫిబ్రవరి మొదటి గురువారం. తెల్లవారకముందే లేచి, ఇల్లు కదిలేలోగా చేసిన పనులు ఇవి. మా వారికి రెండు రోజులకు సరిపడా పప్పు, చారు కాచి ఫ్రిజ్‌లో సర్దాను. రేపటికి అరలీటరు పాలు చాలని పాలబ్బాయికి చెప్పాను. కుండీలకు నీళ్లు పోశాను, గ్యాసు కట్టేశాను. అత్తయ్యగారి ఆసుపత్రి కాగితాలు, మందులు, రెండు జతల బట్టలు, దుప్పటి సంచిలో పెట్టి ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. ఇన్ని పనులు గుర్తు పెట్టుకుని చేసినదాన్ని, కారు సంగతి మాత్రం కారు గల మనిషికే వదిలేశాను. ఆ రోజు పడ్డ తిప్పలన్నీ అక్కడి నుంచే మొదలయ్యాయి.

మాది జంగారెడ్డిగూడెం. మా అత్తయ్యగారికి కుడికంట్లో శుక్లం ముదిరిపోయింది, ఎడమకన్ను ఎప్పట్నుంచో మసకే. కాఫీ గ్లాసులో కాకుండా పక్కన బల్ల మీద పోసేస్తున్నారు. రాజమహేంద్రవరంలో కంటి ఆసుపత్రివాళ్లు ఆ గురువారం మధ్యాహ్నం రెండింటిలోపు వచ్చి చేరమన్నారు. ఆ తేదీ తప్పితే మళ్లీ ఉగాది దాటాకేనన్నారు. అందరం సరేనన్నాం, ఆవిడ తప్ప. పోయినేడు వానల్లో మా మరిది కిరణ్ కారు కొయ్యలగూడెం దగ్గర జారి కల్వర్టును గుద్దుకుంది. బండికి సొట్టలు పడ్డాయి గానీ వాడికి గీత కూడా పడలేదు. అప్పుడు ఆవిడ పట్టిసీమ వీరభద్రస్వామికి మొక్కుకున్నారు, ఆ బండిని అక్కడికి తీసుకొచ్చి పూజ చేయిస్తానని. "దేవుడికి బాకీ పెట్టుకుని కంటికి కత్తి పెట్టించుకోను" అని భీష్మించారు. సరే, పట్టిసీమ ఎలాగూ దారిలోదే కదా, పొద్దున మొక్కు, మధ్యాహ్నం ఆసుపత్రి అని నేనే ఒప్పించాను.

కిరణ్ రాజమహేంద్రవరంలో ఉద్యోగం చేస్తాడు. ముప్పై దగ్గర పడుతున్నాడు, పెళ్లి ఊసు లేదు, జీతంలో సగం కారుకే. అది టర్బో కారు. టర్బో అంటే ఇంజనులోకి గాలిని బలంగా తోసే చిన్న ఫ్యానులాంటిదని వాడే చెప్పాడు. కంపెనీవాళ్లు ఇచ్చిన బలం చాలక, గాలి వడగట్టే నల్లడబ్బా పీకేసి దాని చోట పుట్టగొడుగులా ఉండే ఎర్రటి ఫిల్టరు, డబ్బా గిబ్బా లేకుండా బయటికే కనిపించేలా బిగించుకున్నాడు. సైలెన్సరు మార్చాడు, లోపలి సాఫ్ట్‌వేరు కూడా మార్పించాడు, దాన్ని రీమ్యాప్ అంటాడు. పీకేసిన నల్లడబ్బా మా ఇంట్లో మంచం కింద ఉంది. ఊడ్చినప్పుడల్లా చీపురుకు తగులుతుంది.

ముందురోజు రాత్రే కిరణ్ కారు వేసుకుని మా ఇంటికి వచ్చాడు. ఆరింటికి బయలుదేరాం. పామాయిల్ తోటల మధ్య నుంచి కొయ్యలగూడెం మీదుగా పట్టిసీమ చేరేసరికి ఏడున్నర. ఇలా వెళ్లాలనుకునేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, పడవ దగ్గర జనం ఉండరు. రేవు నుంచి లంకలో కొండ మీదున్న గుడికి పడవలో వెళ్లాలి. మేం వెళ్లిన రోజు మనిషికి రానుపోను యాభై తీసుకున్నారు. దిగాక ఇసుకలో కాస్త నడక, ఆ తర్వాత మెట్లు. అత్తయ్యగారు ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో కమ్మీని పట్టుకుని ఎక్కేశారు. దర్శనం ప్రశాంతంగా అయింది. అక్కడిదాకా ఈ ప్రయాణం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

కారు పడవెక్కదు కాబట్టి బండి పూజ ఇవతలి గట్టు మీదే. రేవు దగ్గర ఒక పంతులుగారు దొరికారు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, ఇంజను ఆన్ చేసి ఉంచమన్నారు, బానెట్ మీద స్వస్తిక్ వేయబోయారు.

"పంతులుగారూ, పైన కాదండీ, లోపల పెట్టండి" అని కిరణ్ గబుక్కున బానెట్ ఎత్తేశాడు. ఎర్ర ఫిల్టరు చూపిస్తూ, "ఇదండీ దీని ఊపిరి. దీనికి పెట్టండి" అన్నాడు.

పంతులుగారు ముచ్చటపడ్డారు. "అచ్చం కలశంలా ఉంది బాబూ!" అని దానికి పసుపు రాసి, విభూతి మూడు రేకలు పెట్టి, కుంకుమ దిద్ది, గుప్పెడు అక్షింతలు వేశారు. ఆడుతున్న ఇంజను ముందు కర్పూరహారతి తిప్పారు. పొగంతా ఆ ఫిల్టరులోకి సన్నగా వెళ్లిపోయింది. "చూశావా వదినా, హారతి ఎలా అందుకుందో!" అని కిరణ్ మురిసిపోయాడు. దక్షిణ ఫోనులోనే పంపాడు. పక్కనే టిఫిను బండి దగ్గర పెసరట్టు ఉప్మా తిని తొమ్మిదిన్నరకి బయలుదేరాం. చేతిలో బోలెడు సమయం ఉంది.

తాళ్లపూడి ఇంకా రాలేదు. స్టీరింగు వెనకాల ఇంజను బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగింది.

"ఏంటది?" అన్నాను.

"ఏం కాదు వదినా. పొగ ఎక్కువ తక్కువల గురించి చెప్పే లైటు. ఎర్రదైతే భయం గానీ ఇది పసుపేగా."

వెనక సీట్లోంచి అత్తయ్యగారు, "పసుపైతే శుభమేరా" అన్నారు. లైటు ఆవిడకు కనబడదు, మాట మాత్రం బాగా వినబడుతుంది.

శుభం కాసేపటికే తెలిసింది. కారు వెక్కిళ్లు పెట్టడం మొదలుపెట్టింది. తొక్కితే అరుపే గానీ కదలిక లేదు. పెట్రోలు వాసన లోపలికి వస్తోంది. తాళ్లపూడిలో ఆపి బానెట్ ఎత్తాడు. అక్కడ మోటారు సైకిళ్లు బాగుచేసే అతను వచ్చి తొంగిచూసి, పసుపు కుంకుమలు చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "పూజ చేసిన బండండీ, నేను ముట్టుకోను. బ్యాటరీ వైరు ఒకటి ఊడదీసి పెట్టండి, లైటు పోద్ది" అన్నాడు.

"కిరణ్, పొద్దున ఇంటి దగ్గర ఈ లైటు లేదు. రేవు దాకా లేదు. మధ్యలో జరిగింది పూజ ఒక్కటే. ఆ ఫిల్టరు దులిపి చూడు" అన్నాను.

"వదినా, ఇది మిక్సీ కాదు దులపడానికి. రీమ్యాప్ చేసిన ఇంజను. నిన్న కొట్టించిన పెట్రోలు తేడా అయ్యుంటుంది."

"మిక్సీకైనా వెనకాల గాలి కన్నాల్లో పిండి పడితే మాడుతుంది. నీదీ గాలి పీల్చేదేగా?"

వాడు వినలేదు. బ్యాటరీ వైరు ఊడదీసి, కాసేపు ఆగి తగిలించాడు. లైటు పోయింది. ప్రపంచాన్ని జయించినట్టు నా వంక చూశాడు. దాంతోపాటు కారులోని గడియారం కూడా చెరిగిపోయి మళ్లీ పన్నెండు నుంచి మొదలైంది. ఆ తర్వాత ఎప్పుడు తలెత్తినా అది పన్నెండు గంటల కొన్ని నిమిషాలు చూపించేది, అప్పుడే పన్నెండైందా అని ఉలిక్కిపడేదాన్ని. నా చేతి గడియారం చూసుకుని కుదుటపడేదాన్ని. కొవ్వూరు రావడానికి, మామూలుగా ముప్పావుగంట పట్టే దారి, మాకు రెండుగంటలకు పైగా పట్టింది. ఎందుకంటే లైటు మళ్లీ వెలిగింది, మళ్లీ ఆపాం, మళ్లీ వైరు ఊడదీశాం. మా వారు ఫోను చేసి "ఎక్కడున్నారు?" అన్నారు. "మీ తమ్ముడి ప్రయోగశాలలో" అని పెట్టేశాను.

అసలు పరీక్ష కొవ్వూరు దాటి రోడ్డు కమ్ రైలు వంతెన ఎక్కాక. అది ఇరుకు వంతెన, ఆపడానికి చోటుండదు. సరిగ్గా గోదారి నడిమధ్యలో కారు బలం పూర్తిగా పడిపోయింది. మార్చిన సైలెన్సరు కావడంతో మోత మాత్రం తగ్గలేదు. ఏసీ కట్టేయించాను. వెనకాల బస్సు ఒకటే హారను. కాస్త వెడల్పు దొరకగానే పక్కకొచ్చి, డ్రైవరు కిటికీలోంచి వంగి అరిచాడు.

"ఏంటి బాబూ! సౌండు చూస్తే విమానం, స్పీడు చూస్తే రిక్షా!"

బస్సులో కిటికీల దగ్గరున్నవాళ్లంతా నవ్వారు. కిరణ్ చెవులు ఎర్రబడ్డాయి. అత్తయ్యగారు కళ్లు మూసుకుని "వీరభద్రా, పూజ చేయించాను కదయ్యా" అంటున్నారు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ ఉగాది దాకా బల్ల మీద కాఫీ పోసుకోవడమే కళ్లముందు కనిపించింది.

ఎలాగో వంతెన దిగి, కిరణ్ ఎప్పుడూ కారు చూపించే వర్క్‌షాపుకు చేరాం. అప్పటికి ఒంటిగంట. మెకానిక్ పేరు ప్రభుదాసు. నేను ముందు ఆసుపత్రికి ఆటో పిలిపించాను. కారు ఇక్కడ చావనీ బతకనీ, మేం ఆటోలో వెళ్లిపోదాం అనుకున్నాను. ఆటో వచ్చేలోగా ప్రభుదాసు చిన్న మీటరు తగిలించి చూశాడు. "లోపలికి వెళ్లే గాలిని కొలిచే సెన్సరు తప్పు లెక్క చెప్తోందండి. అందుకే పెట్రోలు ఎక్కువ పోతోంది, పొగ లైటు వెలుగుతోంది" అని, ఫిల్టరు ఊడదీశాడు. దాని మడతల్లో పసుపు, కుంకుమ ముద్దకట్టి ఉన్నాయి. లోపల, సన్నతీగలాంటి సెన్సరు మీద విభూతి తెల్లగా పేరుకుంది. గొట్టంలో రెండు అక్షింతలు కూడా దొరికాయి.

నేను కిరణ్ వంక చూశాను. వాడు గోడ మీద క్యాలెండరు వంక చూశాడు.

"నల్లడబ్బా ఉన్నట్టయితే ఇదంతా డబ్బా మీదే ఉండిపోయేదండి" అన్నాడు ప్రభుదాసు. "స్ప్రే కొట్టి తుడిచేస్తే అరగంటలో అయిపోద్ది." గుడ్డ తీసి ఫిల్టరు మీద పెట్టబోయాడు.

"ఆగు బాబూ!"

అత్తయ్యగారు ప్లాస్టిక్ స్టూలు మీంచి లేచారు. "తుడిచేస్తావా? పొద్దున పెట్టిన బొట్టు పొద్దు వాలకుండానే తుడిచేస్తే మొక్కు చెల్లినట్టా?"

"అమ్మా, బొట్టు పెట్టారు, హారతిచ్చారు, అయిపోయింది" అన్నాడు కిరణ్.

"అయిపోతే బండి ఎందుకు ఆగింది? స్వామికి ఏదో లోటు జరిగింది. మళ్లీ పట్టిసీమ వెళ్దాం పదండి."

"అత్తయ్యా, రెండింటికి ఆసుపత్రిలో ఉండాలండి. ఆటో వచ్చి నిలబడింది" అన్నాను.

"ఆటోని పొమ్మను. మొక్కు తేలందే నేను ఎక్కను" అని మళ్లీ స్టూలు మీద కూర్చున్నారు. ఆటో అతను ఇంజను ఆపేసి, "తేల్చుకోండమ్మా, వెయిటింగు వేరే" అన్నాడు. కిరణ్ పంతులుగారికి ఫోను చేశాడు, పొద్దున డబ్బు పంపిన నంబరు ఉంది కదా. ఆయన ఎత్తలేదు. గోడ గడియారంలో ఒంటిగంటా ఇరవై.

ఆ గొడవ మధ్యలో ప్రభుదాసు ఏం చేశాడంటే, గుడ్డ పక్కన పెట్టి ఒక తెల్లకాగితం పరిచాడు. మెత్తని బ్రష్షుతో ఫిల్టరు మడతల్లోని కుంకుమ, అక్షింతలు దాని మీదకు దులిపాడు. పొట్లం కట్టి అత్తయ్యగారి చేతిలో పెట్టాడు. "నేను చర్చికి వెళ్లేవాణ్ని మామ్మగారూ, మీ పద్ధతులు నాకు తెలియవు. కానీ దేవుడిది కాలవలో పోసేయకూడదు కదా. మీరే ఉంచుకోండి."

అత్తయ్యగారు పొట్లం విప్పి, కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చూశారు. తర్వాత, "ఒరేయ్ కిరణూ, ఇలా రా" అన్నారు. వాడు విసుగ్గానే వచ్చి వంగాడు. ఆవిడ వేలితో కుంకుమ తీసి, కనబడక తడుముకుంటూ వాడి నుదురు వెతుక్కుని బొట్టు పెట్టారు.

"ఆ రోజు కల్వర్టు దగ్గర నేను మొక్కింది ఈ ఇనుము గురించేంట్రా? నీ గురించి. ఆ పంతులు బొట్టు పెట్టాల్సింది నీకు. నువ్వేమో ఇంజనుకి పెట్టించావు. ఇదిగో, ఇప్పుడు సరిపోయింది. అమ్మాయ్, సంచి తీసుకో."

కిరణ్ కారు తాళాలు ప్రభుదాసుకు ఇచ్చేశాడు. ఆటోలో మాతో పాటు వాడూ ఎక్కాడు. రెండింటికి పది నిమిషాల ముందు ఆసుపత్రి కౌంటరు దగ్గర ఉన్నాం. సాయంత్రం ఆపరేషన్ అయింది. ప్రభుదాసు సెన్సరు, ఫిల్టరు శుభ్రం చేసినందుకు ఆరువందలు తీసుకున్నాడు. వెయిటింగుతో కలిపి ఆటోకు రెండువందలు. లైటు మళ్లీ వెలగలేదు.

మర్నాడు పొద్దున కట్టు విప్పారు. అత్తయ్యగారు రెప్పలు ఆర్పుకుంటూ ఎదురుగా ఉన్న కొడుకును చాలాసేపు చూశారు. రాత్రంతా బెంచీ మీద పడుకున్నా, వాడి నుదుటి మీద ఆ కుంకుమ చెరిగీ చెరగనట్టు ఉంది. "మొహం కడుక్కోలేదా?" అన్నారు. "లేదమ్మా" అన్నాడు. "మరి ఆ గడ్డం ఏంట్రా, ఇంత పెరిగిందా? ఇన్నాళ్లూ నాకు కనబడలేదు, గీయించుకో" అన్నారు.

ఆ రోజంతా నేను పళ్లు కొరుకుతూనే ఉన్నాను. లైటు మీద, కిరణ్ మీద, స్టూలు మీద కూర్చున్న అత్తయ్యగారి మీద కూడా. ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది, ఆవిడ ఆ పది నిమిషాలు మొండికేయకపోతే మేం ముగ్గురం ఆ మొక్కును కారుదనే అనుకునేవాళ్లం. అలాగని ఆవిడ చేసింది మంచి పని అని ఒప్పుకోను. ఆసుపత్రి తేదీ రోజున ఎవరినీ అలా కూర్చోనివ్వకండి.

వెళ్లేవాళ్లకు ఒకటే మాట. బండి పూజ చేయిస్తే బానెట్ ఎత్తకండి, బొట్టు పైనే పెట్టించండి. ఇంజనులో ఫిల్టరు బయటికి కనిపించేలా మార్చి ఉంటే, హారతి సమయంలో ఇంజను కట్టేయండి. మంచం కింద డబ్బా ఉంటే దాన్ని తిరిగి బిగించండి. మా ఇంట్లోదాన్ని కిరణ్ శనివారం బిగించుకున్నాడు, ఇప్పుడు మంచం కింద ఊడవడం సుఖంగా ఉంది.

ఇంటికి వచ్చాక పద్దు పుస్తకంలో రాసుకున్న చివరి పంక్తి: పట్టిసీమ వీరభద్రస్వామికి అత్తయ్యగారి మొక్కు, చెల్లు.