బట్టమేక గుడ్డు

నిజాం రాజ్యం చివరి ఏండ్లవి. నేను హైదరాబాదులో జంతుశాస్త్రం చదువుతున్నాను. జహీరాబాదు నుంచి ఝరాసంగం పోయే తోవలో మా యూనివర్సిటీకి ఒక గడ్డి కంచె, అంటే కాపలా ఉన్న పెద్ద బీడు, ఉండేది. అందులో పశువులు మేయకూడదు, ఎవరూ వేటాడకూడదు. వానాకాలంలో మా ప్రొఫెసరు నలుగురు విద్యార్థులను రైల్లో అక్కడికి తీసుకుపోయి పిట్టలను గమనించడం నేర్పేవారు. "దగ్గొద్దు, కదలొద్దు. మీరక్కడ లేనట్టే ఉండాలె" అనేవారు.

ఆ ఏడు కంచెకు కావలి ఉండే అవ్వ మాకు బట్టమేకను చూపించింది. నడుమెత్తు పిట్ట. గూడేమీ లేదు. ఉత్త ఎర్రమట్టి మీద ఒకే ఒక్క గుడ్డు పెట్టి పొదుగుతున్నది. ఐదు రోజులు తంగేడు పొదల వెనక బోర్లా పడుకుని చూశాం. ఎప్పుడు లేస్తున్నది, వానొస్తే రెక్కలెట్లా పరుస్తున్నది, అన్నీ రాసుకున్నాం.

ఆరో రోజు పొద్దున సార్ తుపాకి పట్టుకొచ్చారు. తోడేళ్ల భయానికేమో అనుకున్నాను.

"మన మ్యూజియంలో ఆడపిట్ట లేదు" అన్నారు, సుద్దముక్క లేదన్నంత మామూలుగా.

ఆ మాట నాకు అర్థమయ్యేలోపే తుపాకి పేలింది. నా పుస్తకంలో 'ఏడు గంటలు, కదల్లేదు' అన్న అక్షరాలు ఇంకా ఆరలేదు.

అవ్వ కట్టె పట్టుకుని ఉరికొచ్చింది. "ఎవడ్రా కాల్చింది? ఏ దొంగలు జొరబడ్డరు?" అని అరుస్తూ వచ్చి, సార్ చేతిలో తుపాకి చూసి ఆగిపోయింది.

"మీరేనా?" అన్నది. "మీ మాట పట్టుకొని మా ఊరోళ్లనే అడుగు పెట్టనియ్యకపోతి గదా సారూ!"

"ఇది వేట కాదమ్మా, చదువు."

"పిట్టకేం తెలుస్తది సారూ, ఆ ముచ్చట?"

బసకు వచ్చాక, నా చేయి వణకదని పిట్ట చర్మం తీసే పని నాకే అప్పజెప్పారు. పక్కనే సార్, మ్యూజియానికి పెంకు మిగిలేలా లోపలిది ఊదేయడానికి గుడ్డుకు సూదితో రంధ్రం చేయబోయి, చటుక్కున ఆగారు. గుడ్డును చెవి దగ్గర పెట్టుకున్నారు. నాకూ వినిపించింది. లోపల పిల్ల కీచుమంటున్నది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అవ్వను పిలువు" అన్నారు.

అవ్వ గుడ్డును తన పొదిగే కోడి కింద పెట్టింది. మర్నాడే పిల్ల బయటికొచ్చింది. సార్ తిరుగు ప్రయాణం మానుకుని, మోకాళ్ల మీద పాకుతూ మిడతలను పట్టి తినిపించారు. తొమ్మిదో రోజు అది చచ్చిపోయింది. చర్మం తీయమంటారేమోనని నేను బిక్కచచ్చి నిలబడ్డాను. ఆయనే గుంత తవ్వి పూడ్చారు.

మరుసటేడు మళ్లీ వెళ్లాం. అవ్వ కంచె తలుపు తీయలేదు.

"జర సామాను చూపియ్యుండ్రి" అన్నది.

మా మూటలన్నీ విప్పించి చూసింది. సార్ ముందుకొచ్చి, తన పెట్టె తానే తెరిచి ఆమె ముందు పట్టుకున్నారు. ఆమె బట్టల అడుగు వరకు చెయ్యిపెట్టి వెతికేదాకా, తల వంచుకుని అట్లాగే నిలబడ్డారు.