ప్లాస్టిక్ వేసిన షేర్ కాగితాలు

2018 ఆగస్టులో నేను నల్లగొండలోని ఒక షేర్ బ్రోకర్ శాఖలో డీమ్యాట్ పనులు చూసేదాన్ని. బి.కాం. తర్వాత దొరికిన మొదటి కొలువు అది. ఆరేళ్లు చేసి, పాప పుట్టాక మానేశాను. ఇంట్లోవాళ్లు నవ్వుతూ దాన్ని నా రిటైర్మెంట్ అంటారు. శాఖలో ఒక మేనేజర్, ఇద్దరు డీలర్లు, నేను. కొనడం, అమ్మడం డీలర్ల పని. నా బల్ల మీదికి పాత కాగితాలు వచ్చేవి. ఒకప్పుడు షేర్లు అచ్చువేసిన సర్టిఫికెట్లుగా పోస్టులో వచ్చేవి. ఇప్పుడు వాటిని అమ్మాలంటే ముందు కంప్యూటర్ ఖాతాలోకి మార్చాలి. ఆ మార్పిడే డీమ్యాట్.

ఆ నెల మొదటి వారంలో కట్టంగూర్ నుంచి కరుణ అనే అమ్మాయి ఫోన్ చేసింది. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి ఒక ప్రైవేటు దవాఖానలో పనిచేస్తోంది. సొంతూర్లో రక్తపరీక్షల ల్యాబ్ పెట్టుకోవాలని రోడ్డు పక్కన ఒక మడిగె, అంటే దుకాణం గది, కిరాయికి మాట్లాడుకుంది. అడ్వాన్సుకు, సెకండ్‌హ్యాండ్ మిషన్‌కు కలిపి రెండు లక్షలు కావాలి. మడిగె యజమాని నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. వాళ్ల నాయిన ఏసోబు దగ్గర పాత షేర్ కాగితాలు ఉన్నాయట. అవి అమ్ముడుపోతాయా అని అడిగింది. చూడందే చెప్పలేనన్నాను. ఆ తర్వాత నేను అన్న మాట మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది: వానలు పడుతున్నాయి, కాగితాలు తడవకుండా, నలగకుండా జాగ్రత్తగా తీసుకురండి.

మూడో రోజు తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వచ్చింది. సంచిలోంచి అయిదు సర్టిఫికెట్లు తీసి బల్ల మీద పరిచింది. అయిదూ తళతళలాడుతున్నాయి. జిరాక్స్ షాపులో ల్యామినేషన్ చేయించింది.

ఎందుకు చేయించావని అడిగితే ఆ అమ్మాయి నా ముఖంలోకి చూసింది. "మీరే గద మేడం, తడవకుండ తెమ్మన్నరు."

డీమ్యాట్‌కు ఇచ్చే ప్రతి సర్టిఫికెట్ మీద అప్పగించినట్టు ముద్ర వేసి, రెండు రంధ్రాలు కొట్టి పంపాలి. ప్లాస్టిక్ మీద ముద్ర నిలవదు. పైగా రిజిస్ట్రార్, అంటే కంపెనీ తరఫున వాటాదారుల జాబితా చూసే కార్యాలయం, అసలు కాగితాన్ని తడిమి చూసుకోవాలి. ప్లాస్టిక్ వేసినవాటిని వాళ్లు తిప్పి పంపేస్తారు. ఈ సంగతి చెప్పగానే కరుణ, ఇస్త్రీపెట్టె పెడితే ఊడొస్తదేమో అంది. మా మేనేజర్ కుర్చీలోంచి లేచి వచ్చి కాగితాలను తన వైపు జరుపుకున్నారు. వేడికి అచ్చు కూడా ఊడొస్తుందని ఆమెకు చెప్పారు. తప్పు ఫోన్‌లోనే జరిగింది కాబట్టి దిద్దాల్సింది నువ్వేనని నాకు చెప్పారు.

ఏసోబు హైదరాబాద్ శివారులో వ్యవసాయ పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో హెల్పర్‌గా చేశాడు. 1994లో కంపెనీ మొదటిసారి షేర్లు అమ్మినప్పుడు కార్మికులకూ కొంత కేటాయించింది. జీతంలో కోత పెట్టించుకుని, పది రూపాయల చొప్పున వంద షేర్లు తీసుకున్నాడు. ఆ తర్వాత కంపెనీ మూడుసార్లు ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది. బోనస్ వచ్చిన రోజు షేర్లు రెట్టింపవుతాయి, ధర సగానికి పడుతుంది. లాభం ఏమీ ఉండదు. కంపెనీ ఎదుగుతూ పోతేనే ఆ సగం ధర మళ్లీ పైకొస్తుంది. ఇది ఎదిగింది. వంద షేర్లు ఎనిమిది వందలయ్యాయి, వాళ్లు మా దగ్గరికి వచ్చిన రోజు ధర 480. పెట్టిన వెయ్యి రూపాయలు 3,84,000 అయ్యాయి. ఇరవై నాలుగేళ్లకు ఏటా సుమారు ఇరవై ఎనిమిది శాతం చక్రవడ్డీతో సమానం. ఏటేటా వచ్చిన డివిడెండ్ చెక్కులు ఈ లెక్కలో లేవు. వాటితో క్రిస్మస్ బట్టలు కొనేవాళ్లమని ఆయన భార్య మరియమ్మ చెప్పింది.

ఇవి నాలుగు కాగితాలు. అయిదోది ఒక గ్రానైట్ కంపెనీది. అదే ఏడాది సూపర్‌వైజర్ మాట విని రెండు వేలు పెట్టాడు. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. దాని విలువ సున్నా.

నాకప్పుడు అయిదో నెల. పోస్టులో పంపితే రోజులు పోతాయని, ఏసోబును తీసుకుని బస్సులో హైదరాబాద్ వెళ్లాను. రిజిస్ట్రార్ ఆఫీసు గుమస్తా నాలుగు కాగితాలను కిటికీ వెలుతురుకు పెట్టి, ఫోలియో నంబర్లు, అంటే వాటాదారు ఖాతా నంబర్లు, తన జాబితాతో సరిచూసుకున్నాడు. పాతవి అప్పగించి, హామీ పత్రం, బ్యాంకు ధ్రువీకరించిన సంతకం ఇస్తే కొత్తవి ఇస్తామన్నాడు. ఎన్నాళ్లు పడుతుందంటే చెప్పలేదు.

నెలాఖరు దాటింది. మడిగెలో మొబైల్ షాపు పడింది. కొత్త సర్టిఫికెట్లు వచ్చి, డీమ్యాట్ పూర్తయ్యేసరికి అక్టోబర్ మధ్య అయింది. ఈలోగా ధర 430కి దిగింది. షేరుకు యాభై చొప్పున నా ఒక్క మాటకు ఎంత ఖర్చయిందో లెక్క వేసుకున్నాను. అమ్మే రోజు ఆ సంగతి ఏసోబుకు చెప్పి క్షమించమన్నాను.

"కరెంటు పోతే పంపు ఆగుతది గని, బాయిల నీళ్లు యాడికి పోతయి బిడ్డా" అన్నాడాయన. ఇప్పుడు అన్నీ అమ్మొద్దని కూడా అన్నాడు.

"అన్ని బాయిలల్ల నీళ్లుంటయా? గా గ్రానైటు బాయి ఏమాయె?" అంది మరియమ్మ.

ఎంత అమ్మాలో నేను చెప్పలేదు. ఎంత అవసరమో మాత్రం అడిగాను. అయిదు వందల షేర్లు అమ్మారు. 2,15,000 వచ్చింది. మిగతా మూడు వందల షేర్లు ఉంచుకుని, నామినీగా కరుణ పేరు రాయించారు. కరుణకు బస్‌స్టాండ్ వెనక ఇంకో మడిగె దొరికింది. మొదటిదానికంటే చిన్నది, కిరాయీ తక్కువే. క్రిస్మస్‌కు ముందే ల్యాబ్ తెరిచింది. ఇప్పటికీ నడుస్తోంది.

ఆయన అన్నేళ్లు అమ్మకుండా ఉంచినందుకే అంత పెరిగిందని డీలర్లు చాలాకాలం చెప్పుకున్నారు. ఆ అయిదో కాగితాన్ని కూడా ఆయన అన్నేళ్లూ ఉంచాడు. ఓపిక రెండింటికీ ఒక్కటే, తేడా కంపెనీలది. కొన్న రోజు ఆ తేడా ఆయనకూ తెలియదు, సూపర్‌వైజర్‌కూ తెలియదు. అందుకే నేను పాప కోసం దాచేది ఒక్క కంపెనీలో పెట్టను.

ఇక ఫోన్ సంగతి. ఆ తర్వాత నేను ఎవరికీ కాగితాలు జాగ్రత్తగా తీసుకురండి అని చెప్పలేదు. ప్లాస్టిక్ వేయించకండి, పిన్ను కొట్టకండి, ఉన్నది ఉన్నట్టే తీసుకురండి అని చెప్పాను. కొలువు మానేసిన రోజు నా బల్లకు వచ్చిన అమ్మాయికి రాసి ఇచ్చిన కాగితంలో మొదటి లైను అదే.