నర్సరీ ముందర లోకల్‌హోస్ట్ ఫ్లెక్సీ

నిమ్మనపల్లెలో టమాటా నారు అమ్మే నాగరాజప్పకి వెబ్‌సైట్ చేస్తాండాను. ఇంకా ఇంటర్నెట్‌లో పెట్టలేదు. మొన్న నా ల్యాప్‌టాప్‌లోనే సర్వర్ నడిపి చూపిస్తే, స్క్రీన్‌లో పైన కనపడే అడ్రస్ ఫోటో తీసుకున్నాడు. ఈ రోజు పోయి చూస్తే నర్సరీ ముందర పెద్ద ఫ్లెక్సీ. దాని మీద ఎర్రక్షరాలతో "లోకల్‌హోస్ట్ 8000".

"అన్నా, అది నా ల్యాప్‌టాప్‌లో తప్ప యాడా తెరుచుకోదు" అన్నాను.

"యాల తెరుచుకోదప్పా? లోకల్ అనే రాసుండాది గదా. నారుకొచ్చే రామసముద్రమోళ్లు లోకల్ గాదా?"

ఎంత చెప్పినా ఫ్లెక్సీ తీయనన్నాడు. రేపటినించి నన్నే ల్యాప్‌టాప్ తెచ్చుకోని ఫ్లెక్సీ కింద కూర్చోమన్నాడు. కుర్చీ కూడా వేయించినాడు.

మీరే చెప్పండి, నేను వెబ్‌సైట్ చేసేవాణ్ణా, నేనే వెబ్‌సైట్‌నా?