మా ఇంట్లో వాల్యూమ్ ఎవరు తగ్గించారు?

దెయ్యాలున్నాయనే వాళ్లతో ఊహ తెలిసినప్పటి నుంచి వాదిస్తూ వచ్చినవాణ్ణి నేను. చదువు పదో తరగతితో ఆగిపోయినా, ఎమ్మిగనూరు గ్రంథాలయంలో విజ్ఞానశాస్త్రం అల్మరాలో నా చెయ్యి పడని పుస్తకం లేదు. కొరివి దెయ్యమంటే చిత్తడి నేలలో పుట్టే వాయువు మండటమనీ, పూనకమంటే మనసు చేసే పని అనీ మా వీధి అరుగుల మీద ఎంతమందికో విడమరచి చెప్పాను. "నీ పుస్తకాలు నువ్వే సదువుకో అప్పా" అని లేచిపోయిన వాళ్లే ఎక్కువ. వాళ్లెవరైనా ఇది చదివితే నవ్వుకుంటారు. నవ్వుకోనీ. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆదోని పత్తి మార్కెట్లో కాటా దగ్గర నేను గుమాస్తాను. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో పోయి వస్తాను. ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి కుటుంబం పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే, మా హమాలీలను వెంటబెట్టుకుని సామాను ఎత్తించడానికి వెళ్లాను. అక్కడే ఆ యాంప్లిఫయర్‌ను చూశాను. వెండి రంగు ముఖం, మధ్యలో అరచేతిలో పట్టేంత గుండ్రటి వాల్యూమ్ నాబ్. ఎత్తితే నడుము పట్టేసేంత బరువు. పాట ఎక్కణ్ణుంచి రావాలో ఎంచుకునే భాగం, శబ్దాన్ని పెంచి స్పీకర్లకు పంపే భాగం రెండూ ఒకే పెట్టెలో ఉండే రకం అది. దాని గురించి అంతకుముందే చదివి ఉన్నాను కాబట్టి చూడగానే గుర్తుపట్టాను. స్పీకర్లు, సీడీ ప్లేయర్‌తో సహా ధర మాట్లాడుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

మాది నేతగాళ్ల ఇల్లు. మా నాయన పోయాక మగ్గం తీసేసి, నేసేవాడు కాళ్లు పెట్టుకునే గుంట పూడ్చి గచ్చు చేయించాం. ముందు గదిలో ఖాళీగా మిగిలింది ఆ జాగా ఒక్కటే. బల్ల వేసి యాంప్లిఫయర్‌ను అక్కడ పెట్టాను.

దానికో తమాషా ఉంది. రిమోట్ నొక్కితే లోపలున్న చిన్న మోటారు నాబ్‌ను నిజంగానే తిప్పుతుంది. ఎవరూ ముట్టుకోకుండా నాబ్ మెల్లగా పక్కకు జరుగుతుంటే వీధిలో వాళ్లు వచ్చి చూసి పోయేవాళ్లు. నేను పరారుణ కిరణాల గురించి చెప్పేవాణ్ణి.

ఇక మా అమ్మ సంగతి చెప్పాలి. దాన్ని తెచ్చేనాటికే అమ్మకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. లోపలి గదిలో మంచం మీదే ఉండేది. మాట ముద్దగా వచ్చేది. అన్నిటికన్నా భయం మింగడంతో. ఉమ్మి కూడా ఒక్కోసారి గొంతుకు అడ్డం పడేది. "దిండ్లు ఎత్తుగా పెట్టండి. పక్కకు జారిపోయి ఊపిరి అందకపోతే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఎప్పుడూ ఒకరి చెవి అటే ఉండాలి" అని డాక్టరు గట్టిగా చెప్పాడు. బాగున్న ఎడమచేతికి గంట కట్టాం. అమ్మ దాన్ని ఒక్కసారి కూడా మోగించలేదు. నా భార్య సువర్ణ ఎంత బతిమాలినా తల అడ్డంగా ఊపేది.

మొదటిసారి అది ఒక ఆదివారం పొద్దున జరిగింది. నాదస్వరం సీడీ పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. అమ్మను అప్పుడే చూసి వచ్చాను, నిద్రపోతోంది. ఉన్నట్టుండి శబ్దం తగ్గసాగింది. చూస్తే నాబ్ తిరుగుతోంది. మోటారు సన్నగా జుయ్యిమంటోంది. రిమోట్ మీద కూర్చున్నానేమో అనుకుని కింద తడుముకున్నాను. రిమోట్ అలమర మీద ఉంది.

గది నిశ్శబ్దమైంది. అప్పుడు లోపల్నుంచి గురగురమని వినిపించింది. పరుగెత్తాను. అమ్మ దిండ్ల మీద నుంచి జారి మెడ వంగిపోయి ఉంది. పెదాలు నీలంగా మారుతున్నాయి. సువర్ణ, నేను కలిసి పక్కకు తిప్పి నోట్లోని తెమడ తీశాం. కాసేపటికి ఊపిరి సర్దుకుంది.

"నాయన్నాయనా, దేముడే ఆపినాడు పాట" అంది సువర్ణ.

"దేవుడు కాదు, సూర్యుడు" అన్నాను. కిటికీలోంచి ఎండ సరిగ్గా యాంప్లిఫయర్ ముఖం మీద పడుతోంది. ఎండలోనూ పరారుణ కిరణాలుంటాయి, రిమోట్ సంకేతం అనుకుని అది మోసపోయి ఉంటుంది. అదృష్టం కొద్దీ అదే సమయానికి జరిగింది. అప్పటికి ఆ వివరణ నాకు చాలు. ఆ సాయంత్రమే కిటికీకి తెర వేశాను.

తెర వేసినా ఆగలేదు. సంకేతం అందుకునే గాజు మీద నల్ల టేపు అంటించాను. రిమోట్‌లో సెల్లు తీసేశాను. అయినా అప్పుడప్పుడూ నాబ్ తిరిగేది. తిరిగిన ప్రతిసారీ లోపల అమ్మకు ఏదో ఒక అవసరం. ఒకసారి పక్క తడిసి చలికి వణుకుతోంది. ఒకసారి ఎడమచెయ్యి మంచం కమ్మీలో ఇరుక్కుంది. ఇంకోసారి మళ్లీ ఊపిరి అందడం లేదు. ఏ అవసరమూ లేనప్పుడు మాత్రం నాబ్ కదలలేదు.

సువర్ణ దాన్ని ఇంట్లోంచి తీసేయమని పోరేది. ముందు గదిలో గోడ పక్కగా నడిచేది.

"అది అత్తను కనిపెట్టుకోని ఉండాది" అంది ఒకరోజు.

"మంచిదే కదా?"

"ఏం మంచిది? కాపలా కాసేదీ కనిపెట్టుకోనే ఉంటాది, ఎత్తుకపోయేదీ కనిపెట్టుకోనే ఉంటాది. ఇది యాదో నీకెట్ల తెలుసు? నీ పుస్తకాల్లో రాసిండారా?"

ఆమె అన్నాక నాకూ అదే ఆలోచన పట్టుకుంది. పాట వింటున్నా చూపు నాబ్ మీదే ఉండేది. సంగీతం నా చెవికెక్కడం మానేసింది.

చివరికి దాన్ని గోనెసంచిలో చుట్టి ఆదోనిలో ఖాజా అన్న షాపుకు తీసుకుపోయాను. టీవీలు, స్పీకర్లు బాగుచేయడంలో ఆయనకు మంచి పేరు. సంగతంతా చెప్పాను. ఆయన మూత విప్పి లోపల చూసి నవ్వాడు.

"ఏమప్పా రంగస్వామీ, ఊరందరికీ దయ్యాల్లేవని సెప్పేవాడివి. నీ ఇంట్లోనే ఒకటి అద్దెకు దిగిందా?"

"దయ్యం కాదన్నా. సర్క్యూట్లో ఏదో లోపం. నువ్వు చూడు."

"సూస్తాండా కదా. అన్నీ బాగుండాయి. ఒక పని చేస్తా. మోటారు తీగలే పీకేస్తా. అప్పుడెట్ల తిరుగుతాదో సూద్దాం, దానెమ్మ."

నా కళ్లముందే మోటారుకు పోయే రెండు తీగలను ఊడదీసి, కొనలకు టేపు చుట్టాడు. రిమోట్‌లో సెల్లు వేసి నొక్కితే నాబ్ కదల్లేదు. చేత్తో తిప్పితే మాత్రమే తిరిగింది. నాబ్ బిగువుగా ఉంది. బల్ల మీద గుద్ది చూశాను, వెంట్రుకవాసి కూడా జరగలేదు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదానికి అదురుగానీ వదులుగానీ కారణం కాదని మీకు తెలియడానికి.

ఇంటికి తెచ్చాక చాలా రోజులు ఏమీ జరగలేదు. "చూశావా, మోటారే" అన్నాను సువర్ణతో. ఆమె గోడ పక్కన కాకుండా గది మధ్యలోంచి నడవడం మొదలుపెట్టింది.

ఆ రోజు మధ్యాహ్నం సువర్ణ రేషన్ షాపుకు పోయింది. నేను అమ్మకు జావ తాగించి, మూతి తుడిచి, దిండ్లు సరిచేసి వచ్చి వీణ సీడీ పెట్టాను. కుర్చీ బల్లకు బాగా దగ్గరగా ఉంది.

నాబ్ కదిలింది.

మోటారు చప్పుడు లేదు. ఈసారి ఇదివరకటిలా ఒకే వేగంతో తిరగలేదు. కొంచెం జరిగి ఆగింది. మళ్లీ కొంచెం జరిగింది. ఓపిక లేని మనిషి బలం కూడగట్టుకుని లాగినట్టుంది. నాకు తెలియకుండానే చెయ్యి చాచి రెండు వేళ్లతో నాబ్‌ను పట్టుకున్నాను. నా వేళ్ల మధ్య అది లాక్కుంటోంది. ఆ లాగుడు నా ముంజేతి దాకా తెలిసింది. చెయ్యి వదిలేసి లోపలికి పరుగెత్తాను.

అమ్మ గడ్డం ఛాతీకి ఆనుకుపోయి ఉంది. నోటి పక్కనుంచి జావ కారుతోంది. గురక కూడా లేదు. పక్కకు తిప్పి వీపు మీద తట్టాను. నోట్లో వేలు పెట్టి అడ్డం పడినదాన్ని తీశాను. మళ్లీ తట్టాను. ఎంతసేపటికీ కదలిక లేదు. చివరికి ఒక్క దగ్గు వచ్చింది. ఆ తర్వాత పెద్దగా ఊపిరి పీల్చింది. మూతి తుడిచి, ఆమెను మళ్లీ దిండ్లకు ఆనించాను.

అప్పుడు చూశాను ఆమె ఎడమచేతిని. గంట మణికట్టుకు అలాగే వేలాడుతోంది. ఆ చేతి వేళ్లు మాత్రం దుప్పటి అంచు దారాలను పోగు చేసి గట్టిగా బిగించి ఉన్నాయి. దారాలు లాగి లాగి అక్కడ నేత ముడుచుకుపోయింది.

ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి నాకు. "గంట ఎందుకు కొట్టవమ్మా? ఒక్కసారన్నా కొట్టకూడదా?" అని అరిచాను.

అమ్మ నావైపు వింతగా చూసింది. ముద్దమాటలతో, ఆగి ఆగి చెప్పింది.

"మగ్గం కాడుండే మనిషిని పిలుచ్చారా ఎవురన్నా? పడుగు పట్టుకుంటి. నువ్వు వచ్చినావు గదా."

ఆ మాట తెలియని వాళ్లకు కొంచెం చెప్పాలి. మగ్గం ఆడుతుంటే ఆ చప్పుడులో పిలుపు వినపడదు. గట్టిగా కేకేస్తే నేసేవాడు అదిరిపడి పోగులు తెగుతాయి. అందుకని మా ఇళ్లలో పని మీద ఉన్నవాణ్ణి నోటితో పిలవరు. మగ్గానికి అవతలి కొసన, చాచి కట్టిన పడుగు దారాలను గుప్పిట్లో పట్టుకుని మెల్లగా లాగుతారు. ఆ బిగువు నేసేవాడి చేతికి తెలుస్తుంది, మగ్గం ఆపి తలెత్తుతాడు. ఇప్పుడు యాంప్లిఫయర్ ఉన్న జాగాలోనే మా నాయనను అమ్మ అలాగే అన్నానికి లేపేది. నాకు మూడేళ్లున్నప్పుడు జ్వరంతో ఫిట్స్ వస్తే తనను అలాగే లేపిందని నాయన చెప్పేవాడు.

సువర్ణ వచ్చాక జరిగిందంతా చెప్పాను. ఆమె అత్త చేతిలోని దుప్పటి అంచును చాలాసేపు చూసింది. యాంప్లిఫయర్‌ను ఇంట్లోంచి తీసేయమని మళ్లీ అనలేదు. మర్నాడు దాని మూత విప్పి చూశాను. మోటారు తీగలు టేపు చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. ఖాజా అన్నకు ఫోన్ చేసి చెబితే, ఆయనకు ఈసారి నవ్వు రాలేదు. "ఆ పెట్టెను ఇంగ నా షాపుకు తేవద్దప్పా" అన్నాడు.

అప్పటి నుంచి అమ్మ పోయేదాకా గంట కట్టలేదు. మేమిద్దరం ఇంట్లో ఉన్నంతసేపూ పాట పెట్టే ఉంచేవాళ్లం. నాబ్ కదిలితే ఒకరం లేచేవాళ్లం. చివరికి అమ్మ ఊపిరాడక పోలేదు. తెల్లవారాక, నా చేతిలో చెయ్యి పెట్టి, ప్రశాంతంగా పోయింది.

ఆ తర్వాత గ్రంథాలయంలో విద్యుత్తు గురించి, అయస్కాంతాల గురించి, మెదడు గురించి దొరికినవన్నీ మళ్లీ చదివాను. తీగలు లేని మోటారు ఎలా తిరుగుతుందో ఏ పుస్తకమూ చెప్పలేదు. దెయ్యమని నేను ఇప్పటికీ అనను. ఏమనాలో కూడా నాకు తెలియదు.

దినాలు అయిపోయాక ఒకరోజు మధ్యాహ్నం యాంప్లిఫయర్ ఆన్ చేశాను. సువర్ణ వంట మధ్యలో వదిలి వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది. ఇద్దరం నాబ్‌నే చూస్తూ ఉన్నాం. పాట తర్వాత పాట వచ్చింది. సీడీ ఆగిపోయింది. నాబ్ పెట్టిన చోటే ఉంది.

నేను ఆపేద్దామని చెయ్యి చాచాను.

"ఆపొద్దు. ఇంగొకసారి పెట్టు" అంది సువర్ణ.