అమ్మోరు కాదు, నిద్ర

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. ఆ రెండో మాట అన్నవాడికి మా కనకం ఎప్పుడూ తారసపడి ఉండదు. నిద్ర ఆమెను ఎంత ఏడిపించిందో పక్క క్వార్టర్లో ఉండి చూసినదాన్ని నేను. నా నోట్లో నువ్వుగింజ నానదని గార్డు పని చేసే మా ఆయన అంటాడు గానీ, కనకం సంగతి మాత్రం ఏళ్ళ తరబడి నా కడుపులోనే దాచుకున్నాను.

బిలాస్‌పూర్‌లో స్టీమింజన్లు ఒక్కొక్కటే మూలపడుతున్న రోజులవి. కనకం మొగుడు పోలయ్య గ్యాంగ్‌మన్‌గా చేస్తూ జబ్బుతో పోతే, స్టేషన్లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూమ్ ఆయాగా ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. ఆమే, చదువుకునే కూతురూ ఆ జీతం మీదే బతకాలి.

కనకానికి చిన్నప్పటినుంచీ పట్టపగలు నిద్ర ముంచుకొచ్చేది. బియ్యం ఏరుతూనో, మాట్లాడుతూనో ఉన్నట్టుండి తల వాల్చేసేది. గట్టిగా నవ్విందంటే మోకాళ్ళు జారిపోయి కూలబడేది. అందరి మాటలూ వినిపిస్తూనే ఉంటాయట, తన నోరు మాత్రం పెగలదట. పలాసలో పుట్టింటికి వెళ్ళినప్పుడు విశాఖపట్నంలో ఒక డాక్టరుకు చూపించుకుంది. ఇది నిద్ర జబ్బనీ, పిచ్చీ కాదు దయ్యమూ కాదనీ, పూర్తిగా తగ్గేది కాదు గనక పగలు కాస్సేపు పడుకుంటూ దానితోనే బతకడం నేర్చుకోమనీ ఆయన చెప్పాడు. ఈ మాట రైల్వేవాళ్ళ చెవిన పడితే ఉద్యోగానికి పనికిరావని ఇంటికి పంపేస్తారని ఆమె భయం. అందుకే నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నేర్చుకోమంటే నేర్చుకుంది మహాతల్లి. కిరసనాయిలు స్టవ్వు ఒంటరిగా వెలిగించేది కాదు. దాన్ని తెచ్చి నా వరండాలో పెట్టుకుని, నేను వండుకునే వేళకే తనూ వండుకునేది. బకెట్టు సగమే నింపేది. మా రైల్వే కాలనీ అంతా అడ్డదారిన పట్టాలు దాటి స్టేషన్‌కి పోతుంటే, తను మాత్రం చుట్టూ తిరిగి వంతెనెక్కేది. బద్ధకస్తురాలని పేరు పెట్టినవాళ్ళు ఆమెలా ఒక్కపూట బతికి చూడాల్సింది. ఎవరైనా నవ్వొచ్చే మాట మొదలుపెడితే గోడ పట్టుకునేది, లేదంటే లేచి వెళ్ళిపోయేది. మూతిముడుపు మనిషన్నారు. అనుకుంటే అనుకోనీ అంది.

ఒక ఏడాది బిలాస్‌పూర్‌లోనే తోర్వా పేట వైపు మన తెలుగువాళ్ళు అమ్మవారి పండగ చేశారు. ఘటాలెత్తుకుని డప్పులతో ఊరేగింపు వస్తోంది. ముందు పులివేషం కట్టిన అప్పలకొండకు తోక ఊడిపోయింది. వాడు దాన్ని చంకలో పెట్టుకుని మరీ చిందేశాడు. కనకానికి నవ్వాగలేదు. వేపమండలు పట్టుకున్న ఆడవాళ్ళ మధ్య కూలబడిపోయింది. డప్పుల మోతలో, ఘటం ముందు, కళ్ళు వాల్చి పడిపోయిన మనిషిని చూస్తే మనవాళ్ళు ఏమనుకుంటారు? అమ్మోరు పూనిందన్నారు. పసుపునీళ్ళు పోసి కాళ్ళకు మొక్కారు.

ఆమె లేచి కాదనేలోపు సగం కాలనీ సాగిలపడింది. ఇక చూడాలి ఆ వైభోగం. వెయిటింగ్ రూమ్‌లో కునికితే నోటికొచ్చినట్టు తిట్టే స్టేషన్ ఇన్‌స్పెక్టరు కూడా, అచ్ఛా, దేవీమా వచ్చిందా అంటూ చెప్పులు విడిచి పక్కకు తప్పుకోవడం మొదలుపెట్టాడు. నిద్రకు అంతకన్నా మంచి గొడుగు ఎక్కడ దొరుకుతుంది? ఊరుకోమని నేనే చెప్పాను. కనకం ఊరుకుంది గానీ, తెచ్చిన చీరలూ కొబ్బరికాయలూ గుళ్ళో ఇచ్చేసేది. ఒక్కరికీ ఒక్క జోస్యమూ చెప్పలేదు.

ఆ వానాకాలం మా వీధి చివర అచ్చియమ్మ మనవరాలికి జ్వరం పట్టుకుని వదల్లేదు. వెంటనే ఆసుపత్రిలో చేర్చమని డాక్టరు చెప్పాడు. అచ్చియమ్మ వింటేనా? ముందు అమ్మోరి మాట తెలియాలని పిల్లను భుజాన వేసుకుని, డప్పువాణ్ణి వెంటబెట్టుకుని కనకం గుమ్మంలో దిగింది. వెనకాల కోడలు ఏడుస్తోంది. పిల్ల తల వేలాడిపోతోంది. వీధంతా మూగింది, వాళ్ళలో స్టేషన్ వాళ్ళూ ఉన్నారు.

నేను కనకాన్ని లోపలికి లాగాను. కాస్త ఊగి, అమ్మోరిలాగే ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పెయ్, పిల్లా బతుకుతుంది, నీ ఉద్యోగమూ నిలుస్తుందని చెవిలో చెప్పాను. అది తెలివైన సలహా అనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

కనకం నా చెయ్యి విడిపించుకుంది. "ఇయ్యాల ఈ పిల్లకి అలాగే సెప్తానక్కా. రేపు ఇంకో పిల్లని ఆస్పత్రికి బదులు నా కాడికే తెస్తారు. ఆ పొద్దు నాను నిజంగా నిద్దరోతే ఏటవుద్ది?"

గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నాకేటీ అమ్మోరు పూన్లేదు. నాది నిద్దర జబ్బు. నవ్వితే కాళ్ళు జారిపోతాయి, అంతే. ఇశాపట్నం డాక్టరు సెప్పినాడు. ఈ పిల్లని ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళండి."

డప్పు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ మా చేత మొక్కించుకున్నావా అని అచ్చియమ్మ శాపనార్థాలు మొదలెట్టింది. కోడలు మాత్రం అత్త భుజం మీంచి పిల్లను లాక్కుని రిక్షా ఎక్కింది. పిల్ల బతికింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని ఆసుపత్రిలో అన్నారట.

సంగతి ఇన్‌స్పెక్టరు దాకా పోవడానికి ఎంతసేపు? కనకం పిలుపు వచ్చేదాకా ఆగలేదు. తనే రైల్వే ఆసుపత్రికి వెళ్ళి జబ్బు సంగతి చెప్పింది. ఎప్పటినుంచి ఉందని అడిగితే చిన్నప్పటినుంచీ అని చెప్పేసి వచ్చింది. ఉద్యోగంలో చేరేటప్పుడు దాచావంటారు కదా, ఈమధ్యనే అంటే నీ సొమ్మేం పోయిందే అని నేను నెత్తి కొట్టుకున్నాను. వెయిటింగ్ రూమ్ డ్యూటీ తీసేశారు. ఉద్యోగం ఉందో ఊడిందో చెప్పేవాడు లేడు. కూతురు పిల్లలకు ట్యూషన్లు మొదలుపెట్టింది. కనకం నా వరండాలో విస్తళ్ళు కుడుతూ, నిద్రొస్తే వచ్చేపోయేవాళ్ళ ముందే కొంగు పరుచుకుని పడుకునేది. గోడ పట్టుకోవడం మానేసి నా భుజం పట్టుకుని నవ్వేది. ఆమె మీద నాకు కోపమూ గౌరవమూ రెండూ ఉండేవి. రోజులు గడిచేకొద్దీ గౌరవమే మిగిలింది.

చివరికి రైల్వే ఆసుపత్రి కుట్టుగదిలో చిరిగిన దుప్పట్లు బాగుచేసే పని ఇచ్చారు. మొదటిరోజు అక్కడి పెద్దావిడ, ఆవిడా మనవాళ్ళే, దుప్పట్ల మూట ముందుకు తోసిందట. కనకం మూట విప్పలేదట.

"పని తరవాత సూపిద్దురు గానమ్మా," అందట. "ముందు నాను పడుకునే జాగా సూపించండి."