నేను డిలీట్ చేసిన ముహూర్తం

పంతులుగారు పంచాంగం ముందేసుకుని, వేళ్ళు మడిచి లెక్కలు కట్టి, రెండు కుటుంబాలనూ ఒప్పించి పెట్టిన మా అక్క పెళ్ళి ముహూర్తాన్ని నేను ఒక్క బటన్ నొక్కి చెరిపేశాను. పెళ్ళి ఆగలేదులెండి, శుభ్రంగా జరిగింది. జరిగినట్టు సాక్ష్యమే మాయమైంది. ఆ సాక్ష్యం కోసం ఇంట్లో ఒక మనిషి మంచం మీద ఎదురుచూస్తోంది, అదీ అసలు ఘోరం.

ఆ మనిషి మా నాన్నమ్మ. పెళ్ళి ఉపమాకలో, వెంకన్న స్వామి సన్నిధిలో. సరిగ్గా దానికి ముందే నాన్నమ్మ పెరట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. తను పెంచిన మనవరాలి పెళ్ళికి అందరూ బస్సెక్కుతుంటే, తను అనకాపల్లి ఇంట్లోనే ఉండిపోయింది. "పోన్లెండర్రా, వీడియోలో సూత్తాను," అని తనే మమ్మల్ని ఓదార్చి పంపింది.

అందుకే ఫొటోగ్రాఫర్ ఎడిటింగ్ మొదలుపెట్టకముందే అతన్ని బతిమాలి, పెళ్ళి వీడియో ఉన్న హార్డ్ డిస్కు ఒక్క పూటకి తెచ్చుకున్నాం. మా టీవీ దాన్ని గుర్తించలేదు. పదహారు రోజుల పండక్కి అక్కతో వచ్చిన కొత్త బావ దగ్గర కొత్త లాప్‌టాప్ ఉంది గానీ, అందులో ఆపరేటింగ్ సిస్టమ్ లేదు. ఖాళీది చవగ్గా వస్తోందని కొన్నాడట.

"బజార్లో ఇచ్చి ఏయించేద్దాం," అన్నాడు బావ.

"నానుండగా బజారెందుకు బావా," అన్నాను.

అప్పుడు నేను ఇంజనీరింగ్ రెండో ఏడు. వీధిలో ఎవరి ఫోన్ మొరాయించినా నన్నే పిలిచేవారు. కొత్త బావ ముందు కాలరెగరేసే అవకాశం వస్తే ఏ బామ్మర్ది వదులుకుంటాడు చెప్పండి.

ఫ్రెండ్ దగ్గర తెచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి ఇన్‌స్టాల్ మొదలెట్టాను. డిస్కులేవీ కనపడలేదని తెర మీద వచ్చింది.

"డిస్కు లేకుండానే అమ్మీసేడా షాపోడు?" బావ గాభరాపడ్డాడు.

"లేదు బావా, డ్రైవర్ బగ్గు. డిస్కుంది. దీనికి కనపడతం లేదంతే."

"ఉన్నది కనపడకపోడవేట్రా? నా కళ్ళజోడిమ్మంటావేటి?" అంది మంచం మీంచి నాన్నమ్మ.

లాప్‌టాప్ లోపలి డిస్కుతో మాట్లాడాలంటే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం కావాలి. నా పెన్‌డ్రైవ్‌లో ఉన్నది దానికి కుదరలేదు. నెట్‌లో వెతికితే ఒక దొడ్డిదారి దొరికింది. సరైన డ్రైవర్‌ని దేంట్లోనైనా వేసి తగిలించి, ఇన్‌స్టాల్ మధ్యలో లోడ్ చెయ్యాలట. ఫోన్‌లో దింపాను. పెన్‌డ్రైవ్‌లో చోటు లేదు. బల్ల మీద పెళ్ళి డిస్కు కనపడింది. చిన్న ఫైలే కదా, ఓ మూల కూర్చుంటుందని అందులో వేసి, లాప్‌టాప్‌కి తగిలించాను.

లోడ్ నొక్కగానే తెర మీద ఒక డిస్కు ప్రత్యక్షమైంది.

"సూసేవా బావా?"

"మీ తమ్ముడు మామూలోడు కాదే," అన్నాడు బావ అక్కతో. ఆ మాటకి నా తల ఇంటికప్పుకి తగిలినంత పనైంది.

మీకు ఈపాటికి అర్థమైపోయే ఉంటుంది. నాకు కాలేదు. ఆ డ్రైవర్ కూడా పనిచెయ్యలేదు. తెర మీద కనపడింది నా చేత్తో నేను తగిలించిన పెళ్ళి డిస్కే.

"ఇందులో కంపెనీవోళ్ళ చెత్తేదో ఉంది బావా, శుభ్రం సేసేత్తాను," అని డిలీట్ కొట్టాను. ఫార్మాటూ కొట్టాను. ఇది బయట తగిలించిన డిస్కు, దీని మీద ఇన్‌స్టాల్ కుదరదని అప్పుడు చెప్పింది కంప్యూటర్. ఆ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చు కదా.

"మొహం అలాగెట్టేవేట్రా?" అంది అక్క.

"అక్కా... మీ పెళ్ళి..."

"మా పెళ్ళికేటైంది?"

ఫొటోగ్రాఫర్‌కి ఫోన్ చేశాం. ముహూర్తాల సీజను కదా, అతను కెమెరా కార్డులన్నీ చెరిపి ఇంకో పెళ్ళికి వాడేశాడు. పోయిన ఫైళ్ళు వెనక్కి తెచ్చేవాళ్ళున్నారని విశాఖపట్నం పరిగెత్తాం. చాలావరకు తెచ్చారు. భోజనాలు మొత్తం వచ్చాయి. మా పెదనాన్న మళ్ళీ మళ్ళీ పులిహోర వేయించుకోవడం కూడా స్పష్టంగా వచ్చింది. జీలకర్ర బెల్లం పెట్టే ఘట్టం మాత్రం రాలేదు.

అక్క ఏడ్చేసింది. "నాకోసం కాదురా. నాన్నమ్మ సూడలేదురా," అంది. నాకు ఎక్కడైనా దూకేద్దామనిపించింది.

"ఏడుపెందుకే, మళ్ళీ ఎడతారు, సూత్తాను," అంది నాన్నమ్మ. బావ సరేనన్నాడు. అంతలో మళ్ళీ నాన్నమ్మే, "ఒకపాలి ఎట్టిన నెత్తి మీద ఇంకోపాలి ఎట్టకూడదు గావాల," అని ఆలోచనలో పడింది. తర్వాత ఆవిడ చూపు ఇల్లంతా తిరిగి నా మీద ఆగింది.

"ఈడి నెత్తి మీదెట్టు నాయినా. సెరిపినోడే కూకుంటాడు."

అలా నేను అక్క పట్టుచీర కప్పుకుని, సవరం, పూలజడ తగిలించుకుని, నాన్నమ్మ మంచం పక్కన తల వంచుకుని కూర్చున్నాను. మళ్ళీ పిలిపించిన ఫొటోగ్రాఫర్ కెమెరా కదిలిపోయేలా నవ్వుతూ తీసి, ఆ ముక్కని పెళ్ళి వీడియోలో అతికించాడు.

"కొంచెం సిగ్గుపడు బామ్మర్దీ," అన్నాడు బావ, జీలకర్ర బెల్లం నా మాడు మీద గట్టిగా అదుముతూ.

"నిజంగానే పడతన్నాను బావా."

నాన్నమ్మ దిండుకానుకుని లేచి కూర్చుని, అక్షింతలు ముందు నా మీద చల్లింది. అక్కనీ బావనీ దగ్గరికి పిలిచి, మిగిలినవన్నీ వాళ్ళ తలల మీద పోసింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. లాప్‌టాప్‌ని మర్నాడు బావ బజార్లో ఇస్తే, ఎవరో ఒక్క సెట్టింగ్ మార్చి, ఇన్‌స్టాల్ చేసి ఇచ్చేశారు.

నాన్నమ్మ ఇప్పుడు లేదు. అక్క పెళ్ళి వీడియో మొత్తంలో ఆవిడ ఉన్నది ఆ ఒక్క ముక్కలోనే. వీడియో పెట్టినప్పుడల్లా అక్క సరాసరి అక్కడికే జరుపుతుంది. నన్ను తిట్టడం ఎప్పుడో మానేసింది. అక్షింతలు చల్లే ఆవిడ చేయి దగ్గర నేను వీడియో ఆపేస్తాను, దాని కింద నా పూలజడ కనపడేసరికి నవ్వొచ్చేస్తుంది.

పోయినేడు నా పెళ్ళి, అదే ఉపమాకలో. పెళ్ళికూతురు నా నెత్తి మీద జీలకర్ర బెల్లం పెడుతుండగా వెనకనుంచి బావ గొంతు వినపడింది.

"నెమ్మదిగా ఎట్టమ్మా. ఈడికిది రెండోసారి."

మా మామగారు లేచి నిలబడ్డారు. ఫోన్‌లో ఆ వీడియో చూపించాకే తాళి కట్టనిచ్చారు.

కాబట్టి ఉపమాక వెంకన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట తెర మీద ఏ డిస్కు కనపడినా, అదెవరింటిదో ఆరా తియ్యకుండా డిలీట్ నొక్కను. బావ పక్కనుంటే అసలు కంప్యూటరే ముట్టుకోను.