రెండు పైపులకూ పసుపు దారం

మొన్న మనవరాలి కారు మరమ్మతుకిస్తే, మెకానిక్ ఇంజన్‌లోంచి రెండు రబ్బరు పైపులు విప్పబోతూ ముందుగా ఒకదాని మీద తెల్లరంగు చుక్క పెట్టాడు. "ఒక్కదానికే పెట్టు నాయనా, రెండోదాని జోలికి పోకు" అన్నాను. తాతకు మతి చలించిందేమోనన్నట్టు మనవరాలు చూసింది. మతి కాదు, చిన్నాయన కారు గుర్తొచ్చింది.

పంతొమ్మిది వందల అరవైల్లో మాట. వరంగల్‌లో బట్టల దుకాణం నడిపే మా చిన్నాయన, దేశం విడిచి పోతున్న ఒక దొర దగ్గర పాత విదేశీ కారు కొన్నాడు. అందులో హీటర్ ఉంది. వైశాఖంలో అరుగుల మీద అప్పడాలు వాటంతటవే వేగే ఊరికి హీటర్! దాన్ని తప్పించేద్దామని మిస్త్రీ బతిమాలాడు. "నిండు తాను లాంటి బండి. ఒక్కటి తీసినా కట్ పీస్ అయితది" అన్నాడు చిన్నాయన. ఆ హీటర్‌కు రెండు పైపులు. ఒకటి ఇంజన్ నుంచి వేడినీళ్లు తెస్తుంది, రెండోది వాటిని వెనక్కి తీసుకుపోతుంది. అవి హీటర్ దగ్గర తారుమారైతే లోపల గాలి పట్టి నీళ్లు కదలవని మిస్త్రీ చెప్పాడు. దుకాణంలో మూటలకు దారం కట్టి గుర్తు పెట్టుకునే చిన్నాయన, వేడినీళ్ల పైపుకు పసుపు దారం కట్టి, రెండింటినీ విప్పి కడిగి ఆరబెట్టాడు. బండి పూజకు పళ్లెంతో వచ్చిన చిన్నమ్మ చూసింది కదా, ఒకదానికి కంకణం ఉంది, పక్కదానికి లేదు. పాపం అనుకుని దానికీ కట్టేసింది. ఏది ఏదో తెలియక, తెలియదని చెప్పుకోలేక, చిన్నాయన తోచినట్టు బిగించాడు. ఆ రహస్యం ఆయన మీసాల వెనకే ఉండిపోయింది.

వారం తిరక్కుండా చిన్నాయన, చిన్నమ్మలతో ఆ కార్లోనే రఘునాథపల్లిలో బంధువుల విందుకు పోయి, మర్నాడు పొద్దున తిరుగు ప్రయాణం. పదకొండు గంటలకు వరంగల్ పక్కన సుబేదారిలో ఒక ఆఫీసులో నాకు ఇంటర్వ్యూ. అప్పటికి రెండు ఉద్యోగాలు తప్పిపోయాయి, ఇదీ పోతే దుకాణంలో గజంబద్ద పట్టడమే. బస్సుకు పోతానంటే చిన్నాయన అలిగాడు. సగం దారిలో వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది, బానెట్ కింద నుంచి పొగలు లేచాయి.

"నా బండి పానం పోతాందిరా!"

"పానం కాదు చిన్నాయనా, ఆవిరి పోతాంది."

ఇంజన్ మరిగితే హీటర్ తిప్పండి, ఆ వేడి కొంత మీ మీదికి మళ్లుతుంది అని మిస్త్రీ చెప్పి ఉన్నాడు. తిప్పాం. చల్లారిన టీ పాటి వేడి కూడా రాలేదు. చిన్నాయన దిగి బానెట్ ఎత్తాడు. పైపుల వంక చూశాడు, తర్వాత వెనక సీట్లో ఉన్న చిన్నమ్మ వంక చూశాడు.

"రెండో దారం నువ్వు కట్టకపోతే ఇదంత అయ్యేదా?"

"ఒక్కదానికి కట్టి ఇంకోదాన్ని బోడిగ వదుల్తె అరిష్టం కాదా? ఆ రోజే అడిగితే ముత్యాలు రాలుతుండెనా?"

"అరిష్టం సంగతి సుబేదారిల మాట్లాడుకుందం, జర నా టైమ్ చూడుండ్రి" అన్నాను. ఎవరూ చూడలేదు. ఇంజన్ చల్లారేదాకా ఇద్దరూ చల్లారలేదు. నేనే చేనుబావి నుంచి నీళ్లు మోసుకొచ్చాను. పైపుల కొసలు మార్చి బిగించాక, హీటర్ ఇటుకబట్టీలా ఊదడం మొదలెట్టింది. ముల్లు మెల్లగా దిగింది. మండుటెండలో, అద్దాలు దించి, హీటర్ వేసుకుని ముగ్గురం ఉడుకుతూ సుబేదారి చేరాం. పిలుస్తున్న చివరి పేరు నాదే.

"వాన పడ్తాందా ఏంది బయట?" అన్నాడు ఆఫీసరు, నా చొక్కా చూసి.

"లేదు సార్. కార్ల హీటర్ వేసుకొని వచ్చిన."

వేళాకోళమనుకుని ఆయన కిటికీలోంచి చూశాడు. కింద చిన్నాయన కండువాతో బానెట్‌కు విసురుతున్నాడు, చిన్నమ్మ కొంగుతో చిన్నాయనకు విసురుతోంది. ఆఫీసరు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. పింఛను దాకా ఆ ఆఫీసులోనే పనిచేశాను.

ఆ రోజు నా ఒళ్లు మండిన మాట నిజం. ఇప్పుడు వెతికితే ఆ మంట దొరకదు. కాలమూ మా చిన్నమ్మ లాంటిదే. ఏది వేడిగా వచ్చిందో, ఏది చల్లబడి తిరిగిపోయిందో గుర్తు మిగల్చకుండా, అన్నింటికీ ఒకే పసుపు దారం కట్టేస్తుంది.